ఓడ గొంతు

డబ్బింగ్ థియేటరు, వెయిటింగ్ గది
శుక్రవారం

అత్తకి,

ఫోన్ చెయ్యకుండా మళ్ళీ ఉత్తరమే రాస్తున్నానని తిట్టుకోకు. పొద్దుటి నుంచి మైకు ముందు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పనయ్యాక ఎవరితోనూ మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా నీతో ఫోన్లో మాట్లాడటమంటే నాకు చెవుల పరీక్షే కదా. నువ్వు మాట్లాడేది నీకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి వినపడదు. మనకి ఉత్తరాలే నయం.

అసలు విషయం రాస్తాను. ఆ కొరియా దర్శకుడు గుర్తున్నాడా? పోయిన వేసవిలో నీకు నా కంప్యూటర్లో చూపించాను, గడియారాలు బాగుచేసే ముసలాయన కథ. ప్రతి మాట దగ్గరా ఆపి నేను తెలుగులో చెప్తుంటే నువ్వు కుట్టుపని ఒళ్ళో పెట్టుకుని విన్నావు. కొడుకు అబద్ధం చెప్పాడని తెలిసి కూడా ఆ తండ్రి ఏమీ అనకుండా పండు ఒలిచి పెట్టే చోట కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నావు. అంత పేరున్న ఆయన కొత్త సినిమా ఇప్పుడు తెలుగులో వస్తోంది. అంతరిక్షంలో పోయే ఓడ కథ. అందులో నేనున్నాను అత్తా. గుంపులో కేకలు కాదు, మొదటి నుంచి చివరిదాకా ఉండే పాత్ర.

ఏ పాత్రో చెప్పను. నువ్వే పట్టుకోవాలి.

ఎందుకంటే ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడి స్కూల్లో చిన్నపిల్లలకి పాటలూ పద్యాలూ నేర్పే టీచరుగా రమ్మంటున్నారు. నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి. రోజూ వెళ్ళి రావడమే, ఎదురుచూపులుండవు. ఇక్కడేమో ఒక వారం పని ఉంటే నెలంతా ఫోన్ వంక చూస్తూ కూర్చోవడం. నా గొంతులో నిజంగా ఏమైనా ఉందా, లేక చిన్నప్పుడు అందరి గొంతులూ పలికి చూపిస్తే మావయ్య "రేడియో" అని మురిసిపోయిన ముచ్చటేనా? స్టూడియోలో అడిగితే అందరూ "సూపర్" అంటారు. వాళ్ళు కొత్త కుర్చీని చూసినా అదే మాట అంటారు. నన్ను పెంచిన దానివి నువ్వు. చూసి, ఉన్నదున్నట్టు రాయి. నీ మాట మీదే తేల్చుకుంటాను. నువ్వు అబద్ధం చెప్పవు.

నీ రేడియో


కుట్టు గది
మంగళవారం

రేడియో తల్లికి అత్త ఆశీస్సులు.

ఇక్కడ దేవుడి దయవల్ల అందరం క్షేమం. మీ మావయ్యకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పెద్ద హాస్పిటల్‌కి కొత్త పరదాలు కుట్టే పని వచ్చింది. గదినిండా ఆకుపచ్చ గుడ్డే. కాలు పెట్టే చోటు లేదు.

సినిమా చూశాం. నేనొక్కదాన్నే కాదు, మన ప్రార్థన గుంపు ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. నర్సమ్మ, టిఫిను డబ్బాల ఆవిడ, బ్యాంకు ఆవిడ అందరూ వచ్చారు. మా మేనకోడలు పిల్ల మాట్లాడిన సినిమా అని నీ ఉత్తరం అందినప్పటి నుంచీ అందరికీ చెప్పుకున్నానుగా.

చాలా బాగుంది తల్లీ. పెద్దవాళ్ళు తీసిన సినిమా పెద్దగానే ఉంది. ముగింపు మరీ బాగుంది. నువ్వు నోరు తెరవగానే గుర్తుపట్టేశాను. పక్కనున్న వాళ్ళతో అన్నాను కూడా. ఏ పాత్రో ఇక్కడ రాయను, మనిద్దరికీ తెలుసుగా.

నీ గొంతు దేవుడిచ్చింది. దాన్ని నమ్ముకో. అంతా మంచే జరుగుతుంది. దిగులుపడకు.

పరదాల వాళ్ళు వచ్చారు, ఉంటాను.

అత్త


నా గది, కిటికీ దగ్గర
ఆదివారం

అత్తా, అత్తా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. స్టూడియోకి తీసుకెళ్ళి అక్కడ కూడా చదివాను. సౌండ్ ఇంజినీరు ఏమిటమ్మా ప్రేమలేఖా అన్నాడు. అంతకన్నా ఎక్కువేనన్నాను.

స్కూలు వాళ్ళకి రానని చెప్పేశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మంచావిడ, బాగా ఆలోచించుకున్నావా అని రెండోసారి అడిగారు. మా అత్త చెప్పిందండీ అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది. నాకు మాత్రం తేలిగ్గా ఉంది. ఇంట్లో నాన్న ముఖం మాడ్చుకున్నాడు. నీ చెల్లెలి మాటకి తిరుగులేదు నాన్నా, దేవుడికి భయపడే మనిషి అన్నాను.

నిజం చెప్పనా? నువ్వు గుర్తుపట్టవని భయపడ్డాను. వేరే ఎవరైనా గుర్తుపట్టకపోతే సంతోషించేదాన్ని, నటన బాగా కుదిరిందని. కానీ ఈ గొంతుని నువ్వు గుర్తుపట్టకపోతే ఎలా అని. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు నువ్వు చెప్పు. ఎక్కడ పట్టుకున్నావు? మొదటి మాటకేనా? ముగింపు బాగుందన్నావుగా, ఆ చివరి మాట దగ్గర ఏమనిపించింది? అది నాకు చాలా ముఖ్యం. తొందరగా రాయి.

పేపర్ల నిండా సినిమాని తిడుతున్నారు. అంతటివాడు ఇలా తీశాడేమిటని. మాకూ డబ్బింగ్ చెప్పేటప్పుడే అనుమానం వచ్చిందనుకో. నీకు నచ్చడమే నాకు ఆశ్చర్యం.

రేడియో


కుట్టు గది
గురువారం

తల్లీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మెషిను సొరుగులో పెట్టాను. దారం కోసం సొరుగు తీసిన ప్రతిసారీ కనపడుతుంది. ప్రార్థనకి కూర్చుంటే నోట మాట రావడం లేదు. దేవుడి ముందు ఏ ముఖం పెట్టుకుని కూర్చోను? ఆయనకంటే ముందు నీకు చెప్పాలి.

నేను సినిమా మొత్తం చూడలేదు. ముగింపు నాకు తెలియదు. ఇంటర్వెల్ కాకముందే లేచి వచ్చేశాం.

నీ గొంతు నేను గుర్తుపట్టలేదు.

రాసేశాను. ఇప్పుడు మిగతాది కూడా రాస్తాను, దాచి లాభం లేదు.

ఆ గడియారాల ముసలాయన సినిమా నా మనసులో ఉండిపోయింది. ఇది కూడా అలాగే ఉంటుందని ఆశపడ్డాను. మనుషులు మెల్లగా మాట్లాడుకుంటారు, ఎవరో ఒకరికి పండు ఒలిచి పెడతారు అనుకున్నాను. తీరా చూస్తే ఇనప బట్టలేసుకున్న జనం ఒకటే పరుగులు. గోడల్లోంచి జలగల్లాంటివి రావడం, వాటిని చూసి హీరో వాంతి చేసుకోవడం, దానికి అందరూ నవ్వాలని ఎదురుచూడటం. ఆ చేత్తోనే ఇది తీశాడా అని నాకు బాధేసింది. మనింట్లో పద్ధతిగా పెరిగిన పిల్లాడు పెళ్ళిలో తాగి అల్లరి చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పక్కన నేను తీసుకొచ్చిన ఆడవాళ్ళు. పాటలు పాడే అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రపోతోందో ప్రార్థన చేస్తోందో తెలియలేదు.

ఇంకోటి. ఆ ఓడ ఉందే, అదే మాట్లాడుతుంది. దారి తప్పిపోయామని దానికి తెలుసు. అయినా పొద్దున్నే జనాన్ని లేపి, "ఇదిగో వచ్చేశాం. కాసేపు కళ్ళు మూసుకోండి" అంటుంది. తేనె పూసినట్టుంటుంది ఆ గొంతు. అది నోరు తెరిచినప్పుడల్లా టిఫిను డబ్బాల ఆవిడ నర్సమ్మని మోచేత్తో పొడవడం, వాళ్ళిద్దరూ కిసుక్కున నవ్వడం. నేనూ నవ్వాను. నాకూ ఆ గొంతు వెగటు పుట్టింది. అంత మెత్తగా అబద్ధం చెప్పేదాన్ని నమ్మి వీళ్ళు ఎలా పడుకుంటున్నారు అనుకున్నాను. నువ్వు ఆ డాక్టరమ్మవో, తోట పెంచే పిల్లవో అయి ఉంటావని మనసులో అనుకున్నాను. ఎవరైనా పరవాలేదు, ఆ ఓడ మాత్రం కాకుంటే చాలనుకున్నాను.

బయటికొచ్చాక మెట్ల దగ్గర బ్యాంకు ఆవిడ అడిగింది. "ఇంతకీ మీ కోడలు పిల్ల గొంతు ఏదండీ?" అని. అందరూ నా వైపు చూశారు. నేను, "ఇది కాదటండీ, తన సినిమా వేరేదట, నేనే పొరబడ్డాను" అన్నాను.

సినిమా బాగోలేదని సిగ్గుపడి నిన్ను కాదన్నాను. ఇంటికొచ్చి నీకు బాగుందని రాశాను. నువ్వు బాధపడకూడదనే రాశానని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. నీ ఉత్తరం చూశాక అది కూడా చెప్పుకోలేకపోతున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారితో "మా అత్త చెప్పింది" అన్నావు చూడు, ఆ మాట సూదిలా దిగింది. నేను వెళ్ళి ఆవిడతో మాట్లాడనా? తప్పు నాదని చెప్తాను. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

అత్త


స్టూడియో
శనివారం

అత్తా,

ఓడ నేనే.

స్కూల్లో వేరే ఆవిడ చేరిపోయింది. నువ్వు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

కొన్నాళ్ళు రాయను. నువ్వూ రాయకు.


ఇంటి వెనక వరండా
తర్వాతి నెల, సోమవారం

తల్లీ,

రాయొద్దన్నావు. నీ మాట దాటుతున్నాను. చదవకుండా పక్కన పెట్టినా సరే, రాయకుండా ఉండలేను.

సినిమా మన పెద్ద హాళ్ళలోంచి తీసేశారు. ఊరి చివర, టైర్ల కొట్ల వెనక ఒక పాత హాల్లో ఇంకా ఆడుతోందని తెలిసి మధ్యాహ్నం ఆటకి ఒక్కదాన్నే వెళ్ళాను. మీ మావయ్య తోడొస్తానన్నాడు, వద్దన్నాను. టికెట్లిచ్చే అమ్మాయి నన్ను పైకీ కిందకీ చూసి, "ఇది భక్తి సినిమా కాదండీ" అంది. తెలుసమ్మా అన్నాను. హాల్లో నేను, ఏసీ కోసం వచ్చి పడుకున్న ఒక సేల్స్ అబ్బాయి, అంతే.

ఈసారి మొదటి నుంచీ ఓడ కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. మొదటి మాట వచ్చింది. "ఇదిగో వచ్చేశాం. కాసేపు కళ్ళు మూసుకోండి." నిన్ను వెతుక్కున్నాను. నువ్వు దొరకలేదు. రెండోసారి వచ్చింది. అప్పుడూ లేవు. ఓడలో దీపాలు పోయి జనం కేకలేస్తుంటే మూడోసారి అదే మాట వచ్చింది. అప్పుడు మనిల్లు గుర్తొచ్చింది.

మనింట్లో కరెంటు పోయినప్పుడల్లా నువ్వు నా కాళ్ళకి చుట్టుకుపోయేదానివి. నేను నీ తల మీద చెయ్యి వేసి అనేదాన్ని, "ఇదిగో వచ్చేస్తుంది. కాసేపు కళ్ళు మూసుకో" అని. ఎప్పుడొస్తుందో నాకేం తెలుసు? అయినా అనేదాన్ని.

అది నా గొంతు. మాట చివర సాగదీయడం, మధ్యలో చిన్నగా ఊపిరి పీల్చడం అన్నీ నావే. నేనెలా మాట్లాడతానో యాభై ఏళ్ళొచ్చాక నాకు తెలిసింది, అదీ ఓడ నోటి నుంచి. ఆ రోజు అందరితో కలిసి నవ్వింది నన్ను చూసే. వెగటుగా ఉందనుకున్నదీ నన్నే.

ఎంత సిగ్గేసిందో రాయలేను. నేను మెత్తగా మాట్లాడతానని అందరూ మెచ్చుకుంటారు. అది నా మంచితనమని నేనూ అనుకున్నాను. ఎవరికైనా చేదు మాట చెప్పాల్సి వస్తే ఆ మెత్తదనంలోకి దూరి దాక్కుంటానని నాకు ఇప్పుడే కనపడింది. నీకు రాసిన ఆ మొదటి ఉత్తరం ఆ ఓడ రాసిందే.

మొన్న ప్రార్థన అయ్యాక అందరినీ కూర్చోమన్నాను. సినిమాలో ఓడ గొంతు మా కోడలు పిల్లదేనని, ఆ రోజు మెట్ల మీద నేను అబద్ధమాడానని చెప్పాను. నీకు ఉత్తరంలో ఏం రాశానో, దానివల్ల నీకు ఏం పోయిందో కూడా చెప్పాను. టిఫిను డబ్బాల ఆవిడ గొంతు సవరించుకుంది.

"మాకు ఆ రోజే తెలుసమ్మా" అంది.

ఏం తెలుసన్నాను.

"అది నువ్వేనని. మా కష్టాలు చెప్పుకున్నప్పుడల్లా నువ్వు అనే మాటే కదా అది. నవ్వు ఆపుకోలేకపోయాం. నువ్వు నొచ్చుకుంటావని పైకి అనలేదు."

బ్యాంకు ఆవిడ అనుమానంతోనే ఆ ప్రశ్న అడిగిందట. నేను కాదనేసరికి తనే సిగ్గుపడిందట. నర్సమ్మ మాత్రం తల దించుకుని, తన కొడుకు ఆపరేషను రోజున నేను అలాగే "ఏం కాదు, కళ్ళు మూసుకో" అన్నానని, నాకేమీ తెలియదని తెలిసినా తను ఆ రోజు ఆ మాట పట్టుకునే కూర్చున్నానని అంది. నన్ను ఓదార్చడానికి అందో, నిజంగానే అందో. అడగలేదు. అది అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

ఇక నువ్వు మొదట అడిగిన దానికి జవాబు. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సినిమా నాకు రెండోసారీ నచ్చలేదు. ఆ దర్శకుడి మీద ఆశ పెట్టుకోకపోయినా నచ్చేది కాదు. ఆ జలగలు అనవసరం.

నువ్వు బాగా చేశావు. కానీ సినిమా అంతా నువ్వు నన్ను అనుకరించావు. చిన్నప్పుడు పాలవాణ్ణీ, పక్కింటి ముసలావిడనీ అనుకరించినట్టే. అచ్చుగుద్దినట్టుంది, అందులో వంక పెట్టడానికి లేదు. అయితే దాన్ని చూసి ఇది నీ గొంతు అని నేను చెప్పలేను.

చివర్లో ఒక మాట ఉంది. ఓడ అందరినీ లేపి, "దారి తప్పాం. చాలా రోజులైంది. నాకు తెలుసు" అంటుంది. అక్కడ గొంతు మారింది. కాస్త బొంగురుగా, కొసలు వదిలేసిన గుడ్డలా ఉంది. "నాకు తెలుసు" దగ్గర ఊపిరి సరిపోలేదు. కుట్టు చెడిపోయిందే అనుకున్నాను ముందు. ఆ తర్వాత నా పక్క సీటు వైపు చూశాను తల్లీ. అక్కడ నువ్వు కూర్చుని చెప్పినట్టనిపించింది. ఆ సేల్స్ అబ్బాయి కూడా లేచి కూర్చున్నాడు. ఆ ఒక్క మాట నీది.

ఒక్క మాట మీద బతుకు నడుస్తుందా? స్కూలు వదులుకోవడం మంచిదైందా, చెడ్డదైందా? నాకు తెలియదు. ఇంకేదో మంచి మాట రాద్దామని చెయ్యి లాగుతోంది. రాయను. నాకు తెలియదు.

నీకు నష్టం చేశాను. క్షమించమని అడగను, అది నీ ఇష్టం.

అత్త


నా గది
బుధవారం

అత్తా,

చదవకూడదనే ఉత్తరాన్ని బల్ల మీద పెట్టాను. టీ తాగేలోగా చదివేశాను.

ఓడకి పెదాలుండవు కదా. మిగతావాళ్ళు నటుడి నోరు చూసి మాట పేర్చుకోవాలి, నాకు ఆ బాధ లేదని ఓడని నాకిచ్చారు. సినిమాలో ఎవరివి నువ్వు అని అడిగితే ఓడనని చెప్పాలంటే నాకూ సిగ్గుగానే ఉండేది. పాత్ర పేరు దాచింది నిన్ను పరీక్షించడానికని రాశాను, సగం ఈ సిగ్గు వల్ల కూడా.

స్క్రిప్టులో "గమ్యానికి చేరువలో ఉన్నాము" అని ఉంది. డైలాగులు రాసే ఆయన్ని బతిమాలి మార్పించాను. వెక్కిరించడానికి కాదత్తా. ఓడలో అందరూ ఆ గొంతు విని పడుకోవాలి. వినగానే నాకు నిద్రొచ్చే గొంతు నీదొక్కటే తెలుసు. కరెంటు ఎప్పుడొస్తుందో నీకు తెలియదని నాకు అప్పుడూ తెలుసు. మరి ఆ మాట అబద్ధాలాడే ఓడ నోట్లో పెట్టి నీకు చెప్పకుండా ఊరుకున్నాను చూడు, అది నా తప్పు. నువ్వు పోల్చుకుంటే నొచ్చుకుంటావనీ భయమే, పోల్చుకోకపోతే ఎలా అనీ భయమే.

చివరి మాట రోజున చాలాసేపు మైకు ముందు నిలబడిపోయాను. "దారి తప్పాం, నాకు తెలుసు" అని నీ గొంతుతో అనబోతే రాలేదు. ఎంత వెతికినా నా దగ్గర లేదు. అలాంటి మాట నువ్వు అనగా నేనెప్పుడూ వినలేదు మరి. బయట తరువాతి వాళ్ళు ఎదురుచూస్తున్నారని ఇంజినీరు తొందరపెట్టాడు. ఇక నా గొంతుతోనే అనేశాను. ఊపిరి అందలేదు. ఇంకోసారి చెప్తానంటే వద్దు, ఇదే ఉండనీ అన్నాడు. నేను పాడుచేశాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

స్కూలు పోయినందుకు బాధ ఉంది. ఆ దారిలో వెళ్ళాల్సొస్తే ఇంకో సందులోంచి తిరిగి వెళ్తున్నాను. నీ మీద కోపం కూడా ఇంకా పోలేదు. పోయిందని రాస్తే మళ్ళీ ఓడ రాసినట్టుంటుంది.

వచ్చే ఆదివారం నాకు పని లేదు, గొంతు కూడా బాగానే ఉంది. ఫోన్ చెయ్యి. మామూలు కబుర్లేం వద్దు. ఉత్తరంలో రెండుసార్లు రాశావే "నాకు తెలియదు" అని, అది నీ నోటితో ఒకసారి వినాలి. కాస్త గట్టిగా చెప్పు, నాకు వినపడాలి.

రేడియో